కునుకు మేస్త్రి చేతి బిగువు

ఆ షెడ్డుకి బండి తెచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళైనా ముందు కాసేపు కూర్చోవాల్సిందే. ఇంజిన్ చల్లారేదాకా మేస్త్రి పానా ముట్టడు. బానెట్ ఎత్తి, పక్కనే ముక్కాలి పీట వేసుకుని, ఇంజిన్ నెత్తిమీదుండే ట్యాపెట్ కవర్‌కి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. ధ్యానం అనుకుంటే అది మీ మంచితనం, సగంసేపు ఆయన పడేది కునుకే. అందుకే అందరూ కునుకు మేస్త్రి అంటారు. బండి జబ్బు ఆయనకు ఆ కునుకులోనే తెలుస్తుందని కొందరి నమ్మకం. మేస్త్రి కాదనడు. ఊరికే వచ్చే పేరు ఎవరికి చేదు?

ఆ రోజు పొద్దెక్కాక, రేకుల మీద సన్నగా వాన పడుతుండగా అక్క కారు వచ్చింది. మేస్త్రి సొంత అక్కే, ఆరేళ్ళు పెద్ద. భర్త పోయాక, యాభై దాటిన వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, రెండేళ్ళుగా భర్త నడిపిన కారులోనే బడిపిల్లల్ని తిప్పుతోంది. ఇప్పుడా కారు మూడడుగులకోసారి కుదుపుతూ, ఆయాసపడుతూ లోపలికొచ్చి ఆగింది.

"వారం నుంచీ మిస్సింగ్‌రా," అంది అక్క. "పెద్ద రోడ్డు మీద షెడ్డులో చూపించా. ప్లగ్గుల దగ్గర ఆయిల్ చేరింది, లోపల పిస్టన్ రింగులు అరిగిపోయాయి, ఈ వయసు బండికి ఇంజిన్ పని దండగ, అమ్మేయండమ్మా అన్నారు."

"నా దగ్గరికి రాకుండా వాళ్ళ దగ్గరికెందుకెళ్ళావు?"

"నువ్వైతే నా మొహం చూసి అబద్ధం చెప్తావని." అక్క చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇవాళ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. ఇంకెందుకత్తయ్యా, ఇంట్లో కూర్చోండి అంటోంది కోడలు. మంచి పిల్లే. కానీ నేను కూర్చున్నానంటే మళ్ళీ లేవనురా."

మేస్త్రి పీట జరుపుకుని కవర్ మీద చెయ్యి పెట్టాడు.

వాన చప్పుడు నెమ్మదిగా ఇంజిన్ చప్పుడైపోయింది. మేస్త్రి చీమంతవాడై ఎక్కడో ఇనప గదుల్లో నడుస్తున్నాడు. గోడలు గోరువెచ్చగా ఉన్నాయి. తేనెరంగు చుక్క ఒకటి ఆయన ముందు గోడ పట్టుకుని, ఏ తొందరా లేకుండా దిగుతోంది. ఆ మూల బావ కూర్చుని ఉన్నాడు. కారు కిటికీలో మోచెయ్యి పెట్టుకున్నట్టే గాల్లో పెట్టుకున్నాడు. "ఎక్కణ్ణుంచి బావా ఇది?" అని అడిగాడు మేస్త్రి. బావ తీరిగ్గా తలెత్తి పైకి చూశాడు. మేస్త్రీ పైకి చూడబోయేసరికి మెలకువ వచ్చింది. చేతి కింద కవర్ చల్లబడి ఉంది.

ప్లగ్గుల నెత్తిన ఉండే కాయిళ్ళు ఊడదీసి టార్చి వేశాడు. నాలుగు ప్లగ్గు గుంటల్లో నడిమి రెండింట్లో ఆయిల్ నిలిచి మెరుస్తోంది. అది పూర్తిగా తీయకుండా ప్లగ్గు విప్పితే ఆయిలంతా ఇంజిన్ కడుపులోకి జారుతుంది. అందుకని కడ్డీకి తెల్లగుడ్డ చుట్టి, గుడ్డ పొడిగా వచ్చేదాకా అద్దాడు. అప్పుడు ప్లగ్గు విప్పడం మొదలెట్టాడు. రింగులు పోయి ఆయిల్ కింద నుంచి ఎక్కుతుంటే ప్లగ్గు మొన నల్లగా, జిడ్డుగా ఉండాలి. అలా ఉంటే అక్క కారు కథ ముగిసినట్టే. మొదటిది పైకి తీసి టార్చి వెలుగులో పెట్టి చూశాడు.

పైభాగమంతా జిడ్డు. మొన మాత్రం పొడిగా, బిస్కెట్ రంగులో ఉంది. రెండోదీ అంతే.

"నీరు పల్లమెరుగు అన్నారు కదక్కా," అన్నాడు మేస్త్రి. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "ఆయిలూ అంతే. పైనుంచి దిగింది. రింగులు బంగారంలా ఉన్నాయి. ప్లగ్గు గుంటల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు పోయాయి, అంతే."

అక్క అక్కడే ఉన్న టైరు మీద కూలబడి, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

కవర్ విప్పాక మేస్త్రి నవ్వు ఆగింది. వేసిన రెండేళ్ళకే సీళ్ళు నలిగి అప్పచ్చుల్లా అయిపోయాయి. బోల్టుల కింద కవర్ రేకు లోపలికి గుంటపడింది. ఎవరో మొరటుగా బిగించేశారు. ఆ కవర్ మీద ఆయన తప్ప ఇంకెవరూ చెయ్యి వేయలేదు. బోల్టు గొంతు పిసక్కూడదని ఊరందరికీ చెప్పే మనిషి. పాత బండికి ఇదంతా మామూలే అంటే సరిపోతుంది, అక్క నమ్ముతుంది కూడా.

"ఇది నా పనేనక్కా," అన్నాడు.

"ఏది?"

"నువ్వు మొదటిసారి ఒక్కదానివే బండి తీసే ముందు రోజు నేనే ఈ సీళ్ళు మార్చా. భయమేసింది. ఒక్కో బోల్టూ ఇంకో అర చుట్టు తిప్పా. బావని ఎలాగూ పట్టుకోలేకపోయాం. ఇందులోంచి ఒక్క చుక్క కూడా కారకూడదనిపించింది."

అక్క టైరు మీంచి లేచొచ్చి, కవర్ గుంటపడ్డ చోట వేలితో తడిమి చూసింది. కోపం వచ్చిందేమో మేస్త్రికి అంతుపట్టలేదు.

"కొత్తవి వెయ్యి," అంది. "బిగించేది నేను."

మేస్త్రి కవర్ గుంటలు సరిచేసి, కొత్త సీళ్ళు కూర్చి, పానా అక్క చేతికిచ్చాడు. మధ్య నుంచి అంచులకి, కొంచెం కొంచెంగా బిగించాలని చెప్పాడు. ఆమె పిండివంటకు కూర్చున్నంత ఓపిగ్గా తిప్పింది. ఆఖరి బోల్టు దగ్గర చెయ్యి ఆపింది. సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగిందని మేస్త్రికి తెలుసు. అయినా ఆయన చెయ్యి దానంతటదే పానా వైపు వెళ్ళింది.

"ఇంక వదిలెయ్‌రా," అంది అక్క.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బడి వదిలే వేళకి కారు కుదుపన్నది లేకుండా షెడ్డు దాటింది. మేస్త్రి వానలోకొచ్చి నిలబడి చెయ్యి ఊపాడు. అక్క చూడలేదు, ఆమె రోడ్డు చూసి నడుపుతోంది.