జేబులో పట్టే కెమెరాకు వాది షాబ్‌లో పెట్టిన పరీక్ష

ఈ ప్రయాణం ఒమన్ చూడటానికి చేసింది కాదని ముందే చెప్పేస్తాను. మస్కట్‌లో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లం, చూడాల్సినవి చాలావరకు చూసేశాం. ఇది నా మెడ కోసం చేసిన ప్రయాణం. వేసవిలో మెడలో డిస్కు జారి, ఎడమ చెయ్యి మొద్దుబారి, కొంతకాలం గోడకేసి చూస్తూ మంచం మీదే గడిపాను. లేచి తిరుగుతున్నాక డాక్టరు నడవమన్నారు, ఈత కొట్టమన్నారు, మెడకూ భుజానికీ మాత్రం ఏ బరువూ తగిలించవద్దని గట్టిగా చెప్పారు. నేను ఇష్టంగా మోసే బరువు ఒక్కటే, నా డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరా. పెద్ద లెన్సు తగిలిస్తే రెండు కిలోల పైమాట. వంటకీ ఇంటికీ మధ్య నాకంటూ మిగిలిన సరదా అదే.

"జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా కొనుక్కోరాదూ" అని స్నేహితులందరూ సలహా ఇచ్చారు. నాకు అలాంటి కెమెరాలంటే చిన్నచూపు. పుట్టినరోజు కేకుల దగ్గర పనికొస్తాయి గానీ, నిజమైన ఫోటో దాంతో వస్తుందా అని నా నమ్మకం. చివరికి అయిష్టంగానే ఒకటి కొన్నాను. పెద్ద కెమెరా కొనుక్కుంటానని మస్కట్‌లోనే రువీ పేటలో ఒకాయన తిరుగుతుంటే, శనివారం సాయంత్రం ఏ సంగతీ చెబుతానన్నాను. చిన్నది పెద్దదానికి సాటి వస్తే పెద్దది అమ్మేసినా ఫోటోలు తీయడం సాగుతుంది. రాకపోతే రెండూ అమ్మేసి ఆ సరదాకు దండం పెట్టేద్దామని తీర్మానించుకున్నాను. మావారికి ఇది బొత్తిగా నచ్చలేదు. "నేను మోస్తాను, నువ్వు తియ్యి" అంటారు. ఇన్నేళ్లలో నా ఫోటోలకు ఆయన చేసిన సేవల్లా సంచీ పట్టుకుని "అయిందా?" అని అడగడమే. నేను మంచం పట్టినప్పుడు నాకన్నా ఎక్కువ భయపడింది మాత్రం ఆయనే.

శుక్రవారం మధ్యాహ్నం మస్కట్ నుంచి సూర్‌కు ప్రభుత్వ బస్సెక్కాం. కారు గతుకుల కన్నా బస్సు నా మెడకు సుఖంగా ఉంటుంది, టిక్కెట్టు కూడా తక్కువే. కురియాత్ దాటాక రోడ్డు సముద్రం పక్కకు చేరుతుంది, కాబట్టి సూర్ వెళ్లేవాళ్లు ఎడమవైపు సీట్లు చూసుకోండి. మాకు సూర్‌లో ఖాజా దొరికాడు. ప్రొద్దుటూరు మనిషి, అక్కడే టాక్సీ నడుపుతాడు, తెలిసినవాళ్ల ద్వారా ముందే మాట్లాడుకున్నాం. శనివారం తెల్లవారుజాము నుంచి సూర్ చుట్టూ తిప్పి, వాది షాబ్ చూపించి, మస్కట్‌లో దింపడానికి ముప్పై అయిదు రియాళ్లు. నలుగురు కలిస్తే మనిషికి తొమ్మిది కూడా పడదు.

తెల్లవారుజామున ఖాజా మమ్మల్ని ఐజా లైట్‌హౌస్ దగ్గర దింపాడు. సముద్రం ఊళ్లోకి చొచ్చుకొచ్చిన చోట, ఆ మలుపు మీద ఉంటుంది లైట్‌హౌస్. కింద నీళ్లలో పాత చెక్క ఓడలు నిశ్శబ్దంగా నిలబడి ఉన్నాయి, అవతలి ఒడ్డున తెల్లటి ఇళ్లు. తూర్పున ఆకాశం ముందు దానిమ్మ రంగుకు తిరిగి, ఆ రంగు ఓడల మీదికీ ఇళ్ల గోడల మీదికీ దిగింది. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మావారు హడావిడిగా సంచీ విప్పి పెద్ద కెమెరా తీశారు. మూత తీసేసరికి లెన్సు మీద తెల్లటి ఆవిరి. తుడిస్తే మళ్లీ పట్టింది.

"ఏమయింది దీనికి?" అని ఆయన కంగారు పడ్డారు.

ఖాజా వంగి చూసి నవ్వాడు. "రాత్రి యాడ పెట్టినారు సార్ దీన్ని?"

"రూమ్‌లో, ఏసీ కింద. వేడి తగలకూడదని."

"ఇంకేమి! కళ్లద్దాలకే ఆవిరి పట్టే ఊరు ఇది. మీరు దాన్ని రాత్రంతా చలిలో పండబెట్టి తెచ్చినారు. ఇంక అరగంట దాకా కండ్లు తెరవదు."

గల్ఫ్‌లో ఇన్నేళ్లు కాపురం చేసి ఈ సంగతి మరిచిపోయామంటే నవ్వొస్తుంది. ఏసీలో పుట్టి ఏసీలో పెరిగినట్టు బతుకుతాం మేము. కాంపాక్ట్ కెమెరా మాత్రం రాత్రంతా బాల్కనీలో ఆరేసిన నా చున్నీ పక్కన పడి ఉంది, దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు. దాంతోనే తీశాను, ఓడలు, ఇళ్లు, నీళ్ల మీద రంగు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ఒమనీ పెద్దాయన, మావారి చేతిలో పెద్ద కెమెరా చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇక్కడ మనుషుల్ని అడగకుండా తీయకూడదు, ఆడవాళ్లనైతే అసలే తీయకూడదు. నేను చిన్న కెమెరా చూపించి, తీయవచ్చా అని ఖాజా చేత అరబ్బీలో అడిగించాను. ఆయన దాన్ని తన అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నాకు తిరిగిచ్చి, తలగుడ్డ సర్దుకుని మరీ కూర్చున్నాడు. ఫోటో అయ్యాక ఫ్లాస్కులోంచి చిన్న గిన్నెల్లో కహ్వా, అదే అరబ్బీ కాఫీ, పోసి, ఖర్జూరాలు పెట్టాడు. రెండో గిన్నె వద్దంటే ఒప్పుకోలేదు.

అక్కడితో గెలుపు చిన్నదానిదే అనుకున్నాను. ఇంతలో ఒక బూడిదరంగు కొంగ లోతు తక్కువ నీళ్లలో దిగింది. దూరంగా ఉంది. చిన్న కెమెరాను ఎంత జూమ్ చేసినా బొమ్మ మసకబారిన మచ్చలా వచ్చింది. పెద్దదాని ఆవిరి ఈలోగా విడిచింది. ఆశ ఆపుకోలేక అందుకున్నాను. కంటి దాకా ఎత్తానో లేదో మెడలోంచి వేళ్ల చివరి దాకా కరెంటు కొట్టినట్టయింది. మావారు చటుక్కున లాక్కున్నారు.

"చెప్పు, ఏం నొక్కాలి?"

"సగం నొక్కి ఉంచండి. కొంగ మెడ చూడండి. మెడ ముడిచినప్పుడు కాదు, చాచబోయే ముందు నొక్కాలి."

ఆయన ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. "అయిందా?" అన్నాను నేను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు. వరసగా టకటకమని శబ్దం. తెర మీద చూస్తే, కొంగ ముక్కున చేప, చేప తోక నుంచి రాలుతున్న నీటిబొట్లు, ఒక్కో బొట్టులో వెలుగు. చిన్న కెమెరా ఏడు జన్మలెత్తినా తీయలేని ఫోటో అది. నాకు సంతోషం వేసింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంత మంచి ఫోటో, నేను తీసింది కాదు.

దార్లో ఒక మలబారు హోటల్లో పరోటా, గుడ్డుకూర, పాలు లేని సులేమానీ చాయ్ తీసుకుని, తొమ్మిదిలోపే వాది షాబ్ చేరాం. సూర్ నుంచి మస్కట్ వైపు ముప్పావుగంట ప్రయాణం. వాది అంటే వానాకాలపు ఏరు పారే లోయ. హైవే వంతెన కింద కారు ఆపి, మనిషికి ఒక రియాల్ ఇస్తే పడవలో అవతలి ఒడ్డుకు దింపుతారు, రానూపోనూ అదే టిక్కెట్టు. ఖాజా కారు దగ్గరే ఆగిపోయాడు. "నేను శానా తూర్లు చూసినానక్కా. పోయిరాండి, పైలంగా. రాళ్లు జారతాయి."

ముందు అరటి, ఖర్జూరం తోటల మధ్య నడక. ఆ తర్వాత రెండు పక్కలా కొండలు లేచాయి. లేచాయంటే మామూలుగా కాదు, తలెత్తి చూడాలంటే నాకు డాక్టరు అనుమతి కావాలి, అంత ఎత్తు. పచ్చని ఆకు లేని ఆ రాతిగోడల మధ్య ఆకుపచ్చ నీళ్లు. అడుగున రాయి రాయీ లెక్కపెట్టవచ్చు, అంత తేట. ఇంత ఎండిన నేల తన కడుపులో ఇంత చల్లదనం ఎలా దాచుకుందో నాకు అర్థం కాలేదు. ముప్పావుగంట నడిచాక దారి నీళ్లలో కలిసిపోతుంది. అక్కడి నుంచి ఈతే. మావారికి ఈత రాదు. పెద్ద కెమెరా సంచీ ఒళ్లో పెట్టుకుని నీడలో ఒక బండ మీద కూర్చున్నారు. నేను చిన్న కెమెరాను నీళ్లు చొరని సంచిలో పెట్టి, మణికట్టుకు కట్టుకున్నాను.

"మెడ జాగ్రత్త. నొప్పనిపిస్తే వెనక్కి వచ్చెయ్యి. ఫోటో లేకపోతే కొంపలేం మునగవు."

మడుగు వెంట మడుగు ఈదుకుంటూ పోతే, చివరిదాని చివర కొండ రెండుగా చీలి ఉంటుంది. ఆ చీలికలో మనిషి తల మాత్రం పడుతుంది. గడ్డం నీళ్లలో, చెవుల పక్కన రాయి, కింద కాళ్లకు నేల అందదు. నా ముందు ఈదుతున్న ఒక అమ్మాయి అందులోకి జరిగి మాయమైంది. ఇక్కడ మెడ పట్టేస్తే ఎవరు లాగుతారు? వెనక్కి తిరుగుదామనుకున్నాను. అయినా నీళ్లు నన్ను మోస్తున్నాయి, ఎక్కడా బరువు లేదు. రాయిని వేళ్లతో పట్టుకుంటూ మెల్లగా లోపలికి జరిగాను.

చీలిక అవతల గుహ. పైన ఎక్కడో నెర్రె విచ్చి వెలుతురు పడుతోంది. ఆ వెలుతురు తగిలిన చోటల్లా నీళ్లు వెలుగుతున్నాయి. మూల నుంచి జలపాతం దూకుతోంది. దాని హోరు చెవులకే కాదు, రొమ్ముకూ వినిపించింది. దేవుడా అన్నాను పైకే. అందరం ముఖాలు పైకెత్తి తేలుతున్నాం. కాసేపటికి కెమెరా సంగతి గుర్తొచ్చి, ఒంటిచేత్తో ఎత్తి తీశాను. మళ్లీ తీశాను. నీళ్లలో వెల్లకిలా పడుకుని తీశాను. ఇలా నాకు మునుపెన్నడూ కుదరలేదు.

ఒడ్డుకు వచ్చేసరికి మావారు బండ మీద నిలబడి ఎదురుచూస్తున్నారు.

"మెడ ఎలా ఉంది?"

"ఏ మెడ?" అన్నాను. నిజంగానే దాని ఊసే మరిచిపోయాను.

తడిచేతులతోనే కెమెరా ఆయనకిచ్చాను. ఎండ పడకుండా రెండు అరచేతులూ అడ్డం పెట్టుకుని, ఆ చిన్న తెరలోకి చాలాసేపు చూశారు. "నేనెప్పటికీ పోలేను కదా అక్కడికి" అన్నారు. తర్వాత మళ్లీ మొదటి ఫోటో నుంచి చూడటం మొదలుపెట్టారు.

మస్కట్ దారిలో కురియాత్ కొండల దగ్గర రువీ ఆయన ఫోన్ చేశాడు. మావారు ముందు సీట్లో పెద్ద కెమెరా ఒళ్లో పెట్టుకుని కొంగ ఫోటో జూమ్ చేసుకుని చూస్తున్నారు. "ఏం చెప్పమంటారు?" అని అడిగాను.

"అమ్మేస్తే, వచ్చే వారం నేను దేనితో తియ్యను?" అన్నారు వెనక్కి తిరగకుండానే.

ఖాజా స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "అక్కా, సార్‌కు పిచ్చి పట్టుకునింది. ఇంక నయం కాదు."

కెమెరా అమ్మడం లేదు, క్షమించమని రువీ ఆయనకు చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇంటికొచ్చి ఫోటోలన్నీ పెద్ద తెర మీద పక్కపక్కన పెట్టి చూశాను. పట్టపగటి వెలుతురులో రెండింటికీ తేడా వెతికితే గానీ కనిపించదు. దూరాన ఉన్నదాన్ని, వేగంగా కదిలేదాన్ని పట్టడంలో చిన్నది పెద్దదాని కాలిగోటికి చాలదు. గుహ ఫోటోల్లో చీకటి భాగమంతా రవ్వరవ్వగా ఉంది, ఒక మూల సంచి మీది నీటిచుక్క మరకగా పడింది. కానీ అవి ఉన్నాయి, నావి. కెమెరా ఎంత గొప్పదని ఇన్నాళ్లూ అడిగాను, అది నాతో ఎంతదూరం వస్తుందని ఎప్పుడూ అడగలేదు. మంచం మీద గోడను చూస్తూ పోయిందనుకున్న నా సరదా పోలేదు, ఇంట్లో ఒకరికి అంటుకుంది కూడా.

ఇక వెళ్లేవారికి ఒక్క సలహా. నీళ్లు చొరని సంచిని కొన్నరోజే నమ్మకండి. లోపల టిష్యూ కాగితం పెట్టి బకెట్‌లో అరగంట ముంచి చూడండి, కాగితం పొడిగా ఉంటేనే కెమెరా పెట్టండి. గుహలోంచి వచ్చాక మాత్రం, ఒళ్లు తుడుచుకోవడం కన్నా ముందు, ఒడ్డున మీ కోసం కూర్చున్న మనిషికి ఆ ఫోటో చూపించండి.