తువ్వాల దొంగలు

సిద్దిపేటలో సిద్ధిరాములు సేటు గడప తొక్కి, ఒళ్ళు తడవకుండా తిరిగొచ్చిన మనిషి లేడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. చుట్టం వచ్చినా, టపా జవాను వచ్చినా, నూలు బేరానికి వర్తకుడు వచ్చినా ముందు స్నానం, తర్వాతే మాట. అదీ మామూలు స్నానం కాదు, తుర్కీ స్నానం.

ఈ పిచ్చి ఆయనకు ఇస్తాంబుల్‌లో పట్టుకుంది. వయసులో ఉండగా ఒక జాగీర్దారు వెంట సామాను చూసుకునే మనిషిగా ఓడెక్కి, రైలెక్కి అంత దూరం పోయి వచ్చాడు. ఇంకొకరైతే అక్కణ్ణించి ఏ తివాచీయో తెచ్చుకునేవారు. సేటు స్నానం తెచ్చుకున్నాడు. పెరట్లో మందపాటి గోడలతో ఒక గది లేపి, దానికి హమామ్ అని పేరు పెట్టాడు. నేలకు షాబాదు బండలు పరిపించి కింద పొయ్యి పెట్టించాడు. పైన గుమ్మటం కట్టి, వెలుతురు కోసం పగిలిన సోడాబుడ్ల అడుగులు పొదిగించాడు. నడుముకు చుట్టుకోవడానికి తుర్కీ పద్ధతిలో ఎర్ర చారల తువ్వాలలు ఊళ్ళో మగ్గాల మీదే నేయించాడు. ఒళ్ళు రుద్దే సంచి మాత్రం గొంగడి ముక్కతో కుట్టించాడు. అది వీపు మీద పడితే ఎంతటివాడికైనా చిన్నప్పుడు చేసిన తప్పులన్నీ వరసగా గుర్తుకొచ్చేవి.

రుద్దడం ఇంకొకరికి అప్పజెప్పేవాడు కాదు. స్వయంగా ఆయనే రుద్దేవాడు. రుద్దుతూ రుద్దుతూ ఉన్నట్టుండి గొంతెత్తి తుర్కీ పాట అందుకునేవాడు. అందులో తుర్కీ ఎంతుందో ఆ దేవుడికే తెలియాలి, చప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. ఒకసారి భూముల లెక్క చూడటానికి గిర్దావరు వచ్చాడు. సేటు ఆయన్ను కూడా బండ మీద బోర్లా పడుకోబెట్టాడు.

“సూడుండ్రి సార్,” అంటూ వీపు మీంచి రాలిన మట్టి ఉండను కళ్ళ ముందు పెట్టాడు. “గిది మొన్నటి జమాబంది లెక్కలది. గీ నల్లది పోయినేటిది.”

గిర్దావరు వెచ్చటి బండ మీద పసిపిల్లాడిలా నిద్రపోయి, లేచి, వచ్చిన పని మరిచిపోయి నవ్వుకుంటూ వెళ్ళాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఒక్కటే చిక్కు. తువ్వాలలు పోతుండేవి. సేటు భార్య కౌసల్యమ్మ అరుగు మీద నిలబడి వాడకంతా వినిపించేలా అరిచేది.

“మల్ల ఒక తువ్వాల పోయింది! ఏమయ్యా, నువ్వు చుట్టాలను పిలుస్తున్నవా, దొంగలను పిలుస్తున్నవా?”

“పోనియ్యే. పాపం, మనసు పడ్డడేమో,” అనేవాడు సేటు.

ఊరంతా నవ్వుకునేది. అవి యుద్ధం రోజులు. బట్ట మీద కంట్రోలు పెట్టారు, గజం గుడ్డ దొరకడం గగనమైపోయింది. అలాంటి కాలంలో ఈయన తువ్వాలలను దొంగల పాలు చేస్తున్నాడంటే నవ్వరా మరి!

సరిగ్గా ఆ రోజుల్లోనే జగదేవ్‌పూర్ నుంచి మధుసూదన్ అనే కుర్రవాడు సిద్దిపేటలో దిగాడు. సేటు కొత్తగా పెట్టిన తెలుగు బడికి పంతులు కావాలని విని వచ్చాడు. ఈ నౌకరీ దొరక్కపోతే మళ్ళీ మేనమామ ఇంటికే పోవాలి. ఆయన పెట్టే గుప్పెడు తిండి, దాంతోపాటు పెట్టే తట్టెడు చీవాట్లు తినాలి. తండ్రి వదిలిపోయిన నల్లకోటు తొడుక్కుని, మెడదాకా గుండీలు పెట్టుకుని వచ్చాడు. కోటు దర్జాగానే ఉంది. లోపలి చొక్కా సంగతే ఒకరికి చెప్పుకునేది కాదు. దానికి కాలరుంది, చేతులున్నాయి, ముందు గుండీలున్నాయి. వీపు లేదు. ఉతికి ఉతికి, చిరిగి చిరిగి, వీపు ఎప్పుడో కాలం చేసింది.

బజారులో పోశయ్య మంగలి దుకాణంలో గడ్డానికి కూర్చున్నప్పుడు అతనికి హమామ్ కబురు తెలిసింది.

“సేటు తాన నౌకరికా? అయితే గడ్డం ఊకెనే గీయించుకుంటున్నవ్ పంతులూ. గాడ తోలే గీస్తరు,” అన్నాడు పోశయ్య.

“అంటే?”

“తానం జేపిస్తడు. బట్టలిప్పాలె.”

మధుసూదన్ సగం గడ్డంతోనే లేవబోయాడు. “ఇప్పకుంటే?”

“ఇప్పనోనితోటి సేటు మాట్లాడడు. గిర్దావరుకే తప్పలే,” అంటూ పోశయ్య అతని భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టాడు.

సేటు ఇంటికి పోయేలోపు మధుసూదన్ దారి పొడుగునా సాకులు కూడబెట్టుకున్నాడు.

“రాండ్రి పంతులూ, రాండ్రి! నీళ్ళు కాగినయి,” అంటూ సేటు ఎదురొచ్చాడు.

“నాకు పడిశం పట్టింది సేట్.”

“పడిశానికి గిదే మందు.”

“మా ఇంట్ల మైల.”

“మైలకు తానమే గద!”

“పొద్దుగాల్నే చేసిన సేట్.”

“అది తడుపుకున్నుడు పంతులూ. తానమంటరా దాన్ని?”

సాకులన్నీ అయిపోయాయి. హమామ్ ముందు బట్టలు మార్చుకునే చిన్న గది ఉంది. అక్కడ ఎవరూ లేకపోవడం చూసి కాస్త ప్రాణం లేచొచ్చింది. గబగబా విప్పి, చొక్కాను ఉండచుట్టి కోటు లోపల దాచి, ఎర్ర చారల తువ్వాల చుట్టుకుని లోపలికి పోయాడు.

బండ మీద బోర్లా పడుకున్నాక తెలిసింది, నౌకరీ పరీక్ష కూడా అక్కడేనని.

“సదువు రాని పోరన్ని ఏంజేస్తరు పంతులూ?” అని అడుగుతూ సేటు గొంగడి సంచి తొడుక్కుని మెడ దగ్గర మొదలుపెట్టాడు.

“అబ్బా! కొట్టను సేట్! ఎవ్వరినీ కొట్ట! మనిషన్నోడు ఇంకో మనిషి ఒంటి మీద చెయ్యెయ్యొద్దు!”

“శాన మంచి మాట,” అని సేటు అతన్ని రెండోవైపు తిప్పాడు.

అంతలో బయటి గదిలో గాజుల చప్పుడయింది.

“ఎవరు సేట్ అది?”

“మా ఆమెనే. బట్టలకు దుమ్మువట్టిందని దులుపుతది.”

మధుసూదన్ గుండె జారి ఆ షాబాదు బండ మీదే పడింది. కోటు దులిపితే చొక్కా కింద పడుతుంది. చొక్కాకు వీపు లేదని తెలుస్తుంది. వీపున చొక్కా లేనివాడు పిల్లలకేం చెబుతాడంటారు. ఒక్క ఉదుటున లేచాడు. కుంకుడు నురగ మీద కాలు జారి, లేచినంత వేగంగా సేటు చేతుల్లోనే పడ్డాడు.

“ఏడికి?”

“నా కోటు...”

“కోటు ఏడికి వోదు. పండుండ్రి,” అంటూ సేటు కుంకుడు నురగ నెత్తిన కుమ్మరించి, గుమ్మటం అదిరేలా తుర్కీ పాట ఎత్తుకున్నాడు. కళ్ళు మండడం కూడా మంచిదే అయింది. నీళ్ళెందుకు కారుతున్నాయో చెప్పుకోవలసిన పని లేకుండా పోయింది. ఇంక నౌకరీ మీద ఆశ వదిలేసుకుని మధుసూదన్ కదలకుండా పడుకున్నాడు. పాట మాత్రం చాలాసేపటికి గానీ ఆగలేదు.

బయటికి వచ్చేసరికి కోటు కొయ్యకు తగిలించి ఉంది. చొక్కా దాని పక్కనే, మడతపెట్టి ఉంది. ఉన్నది కాస్తా ఊడిపోకుండా అలవాటు ప్రకారం మెల్లగా చేతులు దూర్చాడు. వీపుకు ఏదో మెత్తగా తగిలింది. తడిమి చూసి, విప్పి చూశాడు. తెల్ల చొక్కాకు ఎర్ర చారల వీపు! కుట్టుమిషను మీద వరసగా, గట్టిగా వేసిన కుట్లు. సేటు పాట అంత గట్టిగా, అంతసేపు ఎందుకు సాగిందో అప్పుడు తెలిసింది. హమ్మయ్య అనుకుంటూ అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. ఎన్నాళ్ళుగానో ఊపిరి బిగబట్టి తొడుక్కుంటున్న చొక్కాను ఆ రోజు నిండుగా ఊపిరి పీల్చుకుని తొడుక్కున్నాడు.

వసారాలో కౌసల్యమ్మ జొన్నరొట్టెలు, పప్పు పెట్టింది. “తానమైనంక తినకుంటే కండ్లు తిరుగుతయి బిడ్డా. తుర్కీల గదే రివాజు,” అంది. నిన్నటి నుంచి ఏమీ తినని మధుసూదన్ ఆ రివాజును మనస్ఫూర్తిగా పాటించాడు. సేటు చిన్న గ్లాసుల్లో చాయ్ పోశాడు.

“సేట్, నా అంగి...”

“ఇస్తాంబుల్ల మంచు పడుతుంటే మావోళ్ళ నుంచి తప్పిపోయిన పంతులూ,” అంటూ సేటు మాట మధ్యలోనే అందుకున్నాడు. “రొట్టెలు కాల్చేటాయన ఒకడు ఇంటికి తోల్కపోయిండు. ఆయన మాట నాకు తెల్వదు, నా మాట ఆయనకు తెల్వదు. నా బూట్లకు అడుగుల్లేవు. సిగ్గుతోటి కాళ్ళు ముడుసుకోని కూసున్న. ముందుగాల తానం జేపిచ్చిండు. బయటికొచ్చి తొడుక్కుంటే బూట్లకు అడుగులున్నయి. ఆయన మొకం దిక్కు సూసిన. ఆయన నా దిక్కు సూడకుంట చాయ్ పోస్తుండు.”

“మీరేమన్నరు?”

“చాయ్ మంచిగున్నదన్న.”

మధుసూదన్ గ్లాసు ఎత్తి ఇంకో గుక్క తాగాడు.

“చాయ్ మంచిగున్నది సేట్.”

“రేపటి సంది బడికి రాండ్రి,” అన్నాడు సేటు.

అతను ఇంకా వీధి మలుపు తిరగనేలేదు, వెనక నుంచి కౌసల్యమ్మ గొంతు ఖంగుమంది. “మల్ల ఒక తువ్వాల పోయింది!”

గిర్దావరును కూడా ఎందుకు రుద్దాడో నడుస్తూ నడుస్తూ ఉంటే మధుసూదన్‌కు అర్థమైంది. స్నానం ఎవరికీ తప్పదన్నప్పుడు, అందులో అవసరమున్నవాడెవడో ఊరికి తెలియదు.

ఎండలు ముదిరాక క్షవరానికి మళ్ళీ పోశయ్య దుకాణానికి పోయాడు.

“కోటిప్పు పంతులూ. ఎంట్రుకలు వడ్తయి.”

“వద్దు, ఉండనీ.”

పోశయ్య అతని చెమటలు చూశాడు, మెడదాకా ఉన్న గుండీలు చూశాడు. కత్తెర కింద పెట్టి, భుజం మీది గుడ్డ తీసి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. పోశయ్య బనీనుకు నడిమధ్యన ఎర్ర చారలు!

“నాది నిరుడు బతుకమ్మ పండుగకు పోయిన తువ్వాల. నీది?”

మధుసూదన్‌కు నవ్వు ఆగలేదు. “మాఘమాసంల పోయింది,” అంటూ కోటు విప్పి మేకుకు తగిలించి, వీపు గాలికి పెట్టి కూర్చున్నాడు.