మైకు పెట్టని ట్రంపెట్టు

వీడియోలో మా ఆయన ట్రంపెట్టు ఊదుతుంటారు. బుగ్గలు ఉబ్బుతాయి, వేళ్లు కదులుతాయి, మెడ నరం తేలుతుంది. శబ్దం మాత్రం రాదు. ఆయన పోయి ఇది రెండో ఏడు. మా ఆర్కెస్ట్రా వీడియోలు చూసినవాళ్లు ఇప్పటికీ, "ఆడియో ఎంత నీటుగా ఉందండీ!" అని మెచ్చుకుంటారు. ఆ మాట వింటే ఫోను విసిరికొట్టాలనిపిస్తుంది.

ఆ నీటుదనం నా చేతిపనే. మొదట్లో నేను ఫోనుతోనే వీడియో, ఆడియో రెండూ తీసేదాన్ని. అమ్మవారి జాతరలో తీసిన పాట పెడితే, ఎవరో పుణ్యాత్ముడు "రేకు డబ్బా కొడుతున్నారా?" అని కింద కామెంటు రాశాడు. నాకు రోషం ఎక్కువ. అప్పటిదాకా పెట్టినవన్నీ తీసేశాను. ఒక చిన్న రికార్డరు కొనిపించి, మైకుసెట్టు వాళ్ల మిక్సర్ నుంచి దానికి వైరు లాగించాను. సింగరు గొంతు మా వంటింట్లో నిలబడి పాడినంత స్పష్టంగా వచ్చింది. ఇక ఫోనులోని మోతతో పనేముంది? వీడియోకి ఈ ఆడియో అతికించి, ఫోను నిండిపోతోందని మోతతో ఉన్న అసలు వీడియో చెరిపేసేదాన్ని.

అయితే మిక్సర్‌లోకి వచ్చేది మైకు పెట్టిన వాటి శబ్దమే. సింగర్లకు మైకులుండేవి, కీబోర్డుకి వైరుండేది. స్టేజీ చివర దూరంగా ఉండే ట్రంపెట్టుకి ఏదీ లేదు. అడిగితే మైకుసెట్టు ఆయన నవ్వేవాడు.

"బాకాకి మైకెందుకమ్మా? ఆయన ఇక్కడ ఊదితే మునగపాక దాకా ఇనబడతాది!"

మా ఆయన ఆ మాటకి మురిసిపోయేవారు. బెల్లం గోడౌన్‌లో ప్రాక్టీసు చేసేటప్పుడు పక్క వ్యాపారులు వచ్చి తగ్గించమని బతిమాలేవారు, అదీ ఆయనకి గొప్పే. కానీ ఇంటికొచ్చి వీడియో చూసుకున్నాక ముఖం చిన్నబోయేది.

"నా బాకా ఏదే?"

"మీరు ఊదితే ఊరంతా ఇన్నారు. ఇంకా ఇందులోనూ కావాలేటి?"

"ఊరు ఇన్నాదిలే. నువ్వు ఇన్నావేటి?"

నేనెక్కడ విన్నాను! ప్రోగ్రామ్ మొదలైన దగ్గర్నుంచి చెవులకి హెడ్‌ఫోన్లు బిగించుకుని, సింగరు గొంతు పగులుతోందేమోనని చూసుకుంటూ కూర్చునేదాన్ని. వాటి వెలుపల ఆయన బాకా ఎక్కడో వేరే వీధిలో మోగుతున్నట్టుండేది. ఇంకో రికార్డరు కొని జనం మధ్యలో పెడదాం, అప్పుడు అన్నీ పడతాయి అనుకున్నాం. వచ్చే సీజన్‌కి చూద్దాంలే అన్నారు. ఆ సీజన్ ఆయనకి రాలేదు.

మొన్న ఆర్కెస్ట్రా వాళ్లు ఫోను చేశారు. కొత్త ట్రంపెట్టు ఆయన వచ్చాడట, అతనికి మైకు కూడా పెట్టారట, వీడియో తీయడానికి రమ్మన్నారు. కుదరదని పెట్టేశాను. కోపమో దుఃఖమో నాకే తెలియలేదు. బీరువాలోంచి పాత రికార్డరు తీసి ఛార్జింగ్ పెట్టాను. ఎక్కడో ఒకచోట, సింగరు మైకులోకి పొరపాటునైనా ఆయన బాకా పడి ఉండదా అని ఆశ.

బొమ్మకీ శబ్దానికీ జత కుదరాలంటే పాటకి ముందు స్టేజీ మీద ఎవరో ఒకరు చప్పట్లు కొట్టాలి. కెమెరాకి చేతులు కనబడాలి, మైకుకి చప్పుడు వినబడాలి. సింగరు మైకు దగ్గరికి వచ్చి ఆ చప్పట్లు కొట్టే పని మా ఆయనది. వీడియో పెట్టేటప్పుడు ఆ ముక్క కోసి పారేసేదాన్ని. రికార్డరులో కోయలేదు, అలాగే ఉంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ముందు గుర్రుమనే హమ్మింగు, ఎవరిదో దగ్గు. తర్వాత చప్పట్లు. ఆ వెంటనే, చెవి పక్కనే ఆయన గొంతు.

"ఏటే, ఇనబడతందా?"

తర్వాతి ఫైలు పెట్టాను. మళ్లీ చప్పట్లు, మళ్లీ అదే మాట. ప్రతి ప్రోగ్రామ్ ముందూ అలాగే అడిగేవారు. నేను కెమెరా వెనక నుంచి చెయ్యెత్తితేనే కదిలేవారు. పాటల్లో మాత్రం ఆయన బాకా ఎంత వెతికినా దొరకలేదు. సింగరు గొంతు కిందే అణిగిపోయింది.

చివరి ఫైలులో నేను వైరు సర్దుకుంటూ ఆలస్యం చేసినట్టున్నాను. ఆయన రెండోసారి అడిగారు.

"సెయ్యెత్తవేటే? ఇనబడతందా, లేదా?"

వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని చెయ్యెత్తాను. "ఆఁ, సరే" అన్నారాయన. చెక్కల స్టేజీ మీద అడుగుల చప్పుడు మెల్లగా దూరమైంది. ట్రంపెట్టు పట్టుకుని తన చోటికి వెళ్లిపోయారు. అక్కడ మైకు లేదు.