ఖోఖో మాన్పించిన మూడు వారాలు

1986 ఫిబ్రవరి. చర్ల వైపు అడవి అంచున ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను లెక్కల టీచర్ని, హాస్టల్ వార్డెన్‌ని కూడా. ఏడో తరగతిలో ముప్పై రెండు మంది. ఏప్రిల్‌లో పబ్లిక్ పరీక్ష. ప్రతి శనివారం ఇరవై ఐదు మార్కులకు స్లిప్ టెస్ట్, అంటే అరగంటలో రాసే చిన్న పరీక్ష, పెట్టి మార్కులు నోట్‌బుక్కులో ఎక్కించేదాన్ని.

ఫిబ్రవరి 3, సోమవారం నుంచి సాయంత్రం ఆటల గంట తీసేసి, దాన్నీ స్టడీ అవర్‌లో కలిపాను. వారానికి ఆరు గంటలు అదనం అని లెక్క వేసుకున్నాను.

ఆ తరగతిలోని ముత్తమ్మకు అంతకు ముందు శనివారం పదహారు వచ్చాయి. తర్వాత పదమూడు, పదకొండు, ఎనిమిది.

23న, ఆదివారం, ఆమె తండ్రి వచ్చాడు. "పిల్లకు చదువు ఒంటబట్టకుంటే చెప్పు టీచరమ్మా. మిర్చి ఏరనీకి కూలోళ్లు దొరుకుతలేరు. తోలుకపోత."

మార్కులు చూపించాను. ఆయనకు చదువు రాదు. "గివి ఎక్కుతున్నయా, దిగుతున్నయా?"

"దిగుతున్నాయి."

"ఇగ సంచి సర్దుకో బిడ్డా."

ముత్తమ్మ కదల్లేదు. "కూసోని కూసోని తలకాయ మొద్దుబారింది నాయినా. ఖోఖో ఆడొచ్చినంక ఎక్కాలు జల్దిన వస్తుండె."

"సాకులు చెప్పకు" అన్నాను. అది సాకేనని చూపించడానికి అందరి మార్కులూ వరుసగా చూశాను. ఆ మూడు వారాల్లో ఇరవై నాలుగు మందికి తగ్గాయి. ఆరుగురికి మారలేదు. పెరిగింది ఇద్దరికే. ఆ నెల వంటింటి వంతు వాళ్లిద్దరిది.

వంట చేసే రాములమ్మ గుమ్మంలోనే ఉంది. "ఆ ఇద్దర్ని నువ్వు కూసోబెట్టలే గద టీచరమ్మా. పొద్దుమూకే యాళ్లకు బాయి నీళ్లు తోడుకుంట నా దగ్గర ఉరుకుతనే ఉన్నరు."

నోట్‌బుక్కు మూసేశాను. తర్వాత తండ్రితో, "పరీక్షదాకా పిల్లను ఉంచు. తప్పు నాది" అన్నాను.

"టీచరమ్మలు గూడ తప్పు జేస్తరా?"

"జేస్తరు, ఒప్పుకునుడే తక్కువ" అంది రాములమ్మ.

ఆయన నవ్వాడు. "సరే, ఈ ఏడు మిర్చి వాళ్లమ్మ ఏరుతది తియ్" అని ఒక్కడే వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి ఖోఖో మళ్లీ మొదలైంది. ఆడి, ముఖాలు కడుక్కుని వచ్చాకే స్టడీ అవర్. మార్కులు ఒక్కసారిగా పెరగలేదు. మార్చి 1న ముత్తమ్మకు పది, 8న పదమూడు, 15న పదిహేడు. పబ్లిక్ పరీక్షలో లెక్కల్లో వందకు నలభై ఏడుతో పాసయింది. ఎనిమిదో తరగతిలో చేర్పించడానికి తండ్రే వెంట వచ్చాడు.

ఒళ్లు కదిలితే మెదడుకు రక్తం బాగా అందుతుందని, విన్నది నిలుస్తుందని తర్వాత ఒక డాక్టరు గారు వివరించారు. నేను ఇంకో పదకొండేళ్లు పనిచేశాను. పరీక్షల ముందు ఆటల గంట తీసేద్దామని ఎవరు అన్నా ఒప్పుకోలేదు. ఏ పిల్లకైనా మార్కులు తగ్గితే, ఎంతసేపు చదివావని అడగడం మానేశాను. ఎంతసేపటి నుంచి కూర్చునే ఉన్నావని అడిగేదాన్ని.