గోడకు వేలాడదీసిన నా జబ్బు

ఆ రోజు మహబూబ్‌నగర్‌లో మా కళాకేంద్రంలో స్టూలెక్కి నా బొమ్మలు తగిలిస్తున్నాను. ఏటా జరిగే ప్రదర్శన అది. ఒక హాల్లో ఫొటోలు, పక్క హాల్లో పెయింటింగులు పెడతారు. నేను డ్రాయింగ్ టీచర్‌ని. పొద్దున లేచినప్పటి నుంచి అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు తిమ్మిరి. స్టూలు దిగుతుంటే కాలు నేలకు ఆనిందో లేదో తెలియలేదు. కింద పడ్డాను.

ఫొటోల విభాగం చూసే శ్రీధర్ పరుగెత్తుకొచ్చి లేపాడు. "పొద్దుగాల సంది ఏం తినకుంట పని చేస్తున్నవ్ ఎస్తేరక్కా, బీపీ పడిపోయుంటది. జర కూసో," అన్నాడు. పదేళ్ల పరిచయం మాది. నన్ను సొంత అక్క అంటాడని అందరికీ చెప్పుకునేదాన్ని.

మా వీధి ఆర్‌ఎంపీ చూసి కాల్షియం తక్కువన్నాడు. మర్నాడు మెట్లు ఎక్కలేకపోయాను. ఆ మర్నాడు కుర్చీలోంచి లేవలేకపోయాను. మా ఆయన దానియేలు షాద్‌నగర్‌లో కంపెనీ పనికి సెలవు పెట్టి నన్ను ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టర్ నా కాళ్లను తాకనైనా తాకలేదు. స్కాన్ వైపు చూసి, "అంతా నార్మల్. మేడమ్ టెన్షన్ ఎక్కువ తీసుకుంటున్నరు," అని దానియేలుతోనే అన్నాడు. జబ్బు నాది, మాట్లాడింది ఆయనతో. నిద్ర మాత్రలు రాసిచ్చాడు.

ఆ మాత్రలు వేసుకుంటూ రెండు రోజులు పోగొట్టాం. చేతులు కూడా పడిపోయాకే హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆమె చిన్న సుత్తితో నా మోకాలి మీద కొట్టింది. కాలు కదలలేదు.

"రిఫ్లెక్సెస్ లేవు. ఈ మధ్య మోషన్స్ ఏమన్నా అయినాయా?"

రెండు వారాల కింద అయ్యాయి. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఒక్క శ్వాసలో ఎంతదాకా లెక్కపెట్టగలరో పెట్టండి."

పన్నెండు దగ్గర ఊపిరి చాలక ఆగిపోయాను. ఆమె నర్సు వైపు తిరిగి, "ఐసీయూ బెడ్ రెడీ చేయండి," అంది. తరువాత వెన్నులో సూది గుచ్చి నీరు తీశారు, నర్వ్ కండక్షన్ టెస్టు చేశారు. జబ్బు పేరు గులియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. అలాంటి విరేచనాల తరువాత ఒక్కోసారి ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నరాల మీద పడి తింటుందట. దాన్ని ఆపడానికి ఐదు రోజులు ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. మూడో రోజుకే ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టారు. కొద్ది రోజులకు గొంతుకు రంధ్రం చేసి ట్యూబు వేశారు. మధ్యలో న్యుమోనియా వచ్చి, కోలుకున్నది కాస్తా మళ్లీ మొదటికొచ్చింది.

ఈ జబ్బులో ఘోరం ఏమిటంటే తెలివి పోదు. ముఖం మొత్తం పడిపోయింది. రెప్పలు మూతపడవు, మందు రాసి టేపు వేసేవాళ్లు. పలకలేను, వేలెత్తలేను. కానీ ప్రతి మాటా వినపడుతుంది. చూడటానికి వచ్చిన మా మేనత్త నా మంచం పక్కనే నిలబడి, "ఇగ గిట్లనే ఉంటదా, ఏమన్న అయితదా?" అని నిట్టూర్చింది. మా అమ్మ ఆమె భుజం పట్టి తలుపు దాకా నడిపించింది. "నా బిడ్డకు అన్నీ ఇనబడుతున్నయి. మాట్లాడేదుంటే బయటికి పోయి మాట్లాడు."

మాకు ఒక భాష ఏర్పడింది. కనుపాపలు పైకి తిప్పితే అవును, పక్కకు తిప్పితే కాదు. ఆ రెండు మాటలతో నెలన్నర బతికాను.

వెంటిలేటర్ తీసేసి వార్డుకు మార్చాక శ్రీధర్ వచ్చాడు, మెడలో కెమెరాతో. ఫిజియోథెరపిస్టు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వాలిపోకుండా దుప్పటితో కట్టింది. గొంతులో ట్యూబు, ఒక కంటికి టేపు, గౌను భుజం మీద నుంచి జారి ఉంది. నోటి పక్కన కారుతున్న చొంగ అమ్మ తుడుస్తోంది. శ్రీధర్ దానియేలు చెవిలో ఏదో అన్నాడు. దానియేలు తలూపాడు. కెమెరా పైకి లేచింది. నేను టేపు లేని కన్ను పక్కకు తిప్పాను. మళ్లీ తిప్పాను. మళ్లీ. ఎవరూ చూడలేదు. క్లిక్, క్లిక్‌మని వినపడుతూనే ఉంది.

ట్యూబు తీశారు. చెంచా పట్టుకోవడం నేర్చుకున్నాను. వాకర్‌తో పది అడుగులు వేయడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. ఒకరోజు అమ్మ ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. కళాకేంద్రం కొత్త ప్రదర్శన ఆహ్వానపత్రిక. అట్ట మీద నేను. ట్యూబు, టేపు, చొంగ, జారిన గౌను, అన్నీ ఉన్నాయి. కింద 'ఆశ' అని పేరు, ప్రథమ బహుమతి అని ముద్ర.

దానియేలు ఇంటికి రాగానే కార్డు ముందు పెట్టాను.

"నువ్వు ఒప్పుకున్నవా?"

"అడిగిండు. పదిమందికి ధైర్యం అయితదన్నడు. నువ్వు బతుకుతవో లేదో తెల్వని రోజులవి ఎస్తేరూ. నాకు సోయి ఎక్కడున్నది?"

"నాకున్నది సోయి. నేను వద్దన్న. కండ్లతోని మూడుసార్లు వద్దన్న."

"కిటికీ దిక్కు చూస్తున్నవనుకున్న," అన్నాడు. ఆ తరువాత మూడు రోజులు, ప్రదర్శన ప్రారంభం దాకా, ఆయనతో మాట్లాడలేదు.

ప్రారంభం రోజున వాకర్ పట్టుకుని వెళ్లాను. దానియేలు వెనకే వచ్చాడు. హాల్లో ఎదురుగోడ మధ్యలో ఆ ఫొటోను నిలువెత్తు సైజులో వేలాడదీశారు. దాని ముందు నిలబడి పట్టుచీర కట్టుకున్న ఒకామె పక్కావిడతో, "పాపం, బతికున్నదో లేదో," అంటోంది.

"బతికే ఉన్నది. జర పక్కకు జరుగున్రి," అన్నాను. ఆమె ఒకసారి నా వైపు, ఒకసారి ఫొటో వైపు చూసి పక్కకు జరిగింది.

శ్రీధర్ నవ్వుతూ చేతులు చాపుకుంటూ వచ్చాడు. "అక్కా! నడుస్తున్నవా!"

"తియ్ దాన్ని."

"ఏమైందక్కా? గౌరవంతోని తీసిన. చూసినోళ్లు ఏడుస్తున్నరు తెల్సా."

"నా కోసం ఏడ్వున్రి అని నేను అడిగిన్నా?"

అతని ముఖంలో నవ్వు పోయింది. "ఆర్టిస్టువై ఉండి గిట్ల మాట్లాడొద్దు. కొల్లాపూర్ తోటల్ల మామిడికాయలు దెంపే ఆడోళ్ల బొమ్మలేస్తవ్ గదా, ఆళ్లను అడిగినవా?"

ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. నేను అడగలేదు. ఒక్కరిని కూడా. కానీ అందుకని వెనక్కి తగ్గాలనిపించలేదు.

"అడగలే. పోయి అడుగుత. ఇది మాత్రం ఇప్పుడు తియ్."

కమిటీ పెద్దాయన వచ్చి, "ముఖ్య అతిథి వచ్చే టైమైంది తల్లీ, అయినంక చూద్దాం," అన్నాడు. నేను ఒక కుర్చీ లాక్కుని ఫొటోకు వీపు పెట్టి, వచ్చేవాళ్లకు ఎదురుగా కూర్చున్నాను. వచ్చినవాళ్లు ఫొటోలో ముఖాన్ని తదేకంగా చూస్తున్నారు, కుర్చీలో ఉన్న ముఖాన్ని చూడలేక తలలు దించుకుంటున్నారు. ఒక్కరూ నన్ను పలకరించలేదు. ఇదేనా నన్ను చూసి తెచ్చుకున్న ధైర్యం, అనుకున్నాను.

అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడ్డ దానియేలు ముందుకొచ్చాడు. రెండు చేతులతో ఫ్రేము ఎత్తి కిందకు దించాడు.

"దానికి ప్రైజ్ వచ్చిందన్నా!" శ్రీధర్ అరిచాడు.

"మాట ఇచ్చింది నేనే గదా. వాపస్ తీసుకుంటున్న," అన్నాడు దానియేలు. ఫ్రేమును గోడవైపు తిప్పి పెట్టాడు. ఆ సాయంత్రం ఆయనతో మాట్లాడాను.

వేసవిలో కొల్లాపూర్ వెళ్లాను. నా బొమ్మల్లోని ఆడవాళ్లను వెతికి ఒక్కొక్కరికీ చూపించాను. ఇద్దరు మురిసిపోయారు. లక్ష్మమ్మ అనే ఆమె మాత్రం తన బొమ్మను చాలాసేపు చూసి, "నా చీర చినిగింది గూడ ఏసినవా? గిది ఎవ్వలకు చూపియ్యకు," అంది. బొమ్మ ఆమెకే ఇచ్చేసి వచ్చాను. నాకు నచ్చిన బొమ్మల్లో అదొకటి.

ఇప్పుడు మళ్లీ బడికి వెళ్తున్నాను. ఎడమ పాదం ఇంకా పూర్తిగా పైకి లేవదు, చెప్పులో పాదాన్ని ఎత్తిపట్టే ప్లాస్టిక్ స్ప్లింట్ వేసుకుంటాను. మధ్యాహ్నానికి చేతివేళ్లు అలసిపోతాయి, అందుకని పొద్దున్నే గీస్తాను. నవ్వితే మూతి ఒక పక్కకు పోతుంది. కళాకేంద్రం మెట్లు మళ్లీ ఎక్కలేదు. శ్రీధర్ రెండుసార్లు ఇంటికొచ్చాడు, అమ్మ తలుపు తీయలేదు. క్షమించొచ్చు కదా అని చర్చిలో అడుగుతుంటారు. క్షమించలేదు, ఆ తొందర కూడా నాకు లేదు.

మీలో ఎవరైనా ఆస్పత్రిలో చేరాల్సి వస్తే, నోట మాట ఉండగానే ఒక్క పని చేయండి. మీ పక్కన ఉండే మనిషిని కూర్చోబెట్టి, "నేను చెప్పలేని స్థితిలో ఉంటే నా ఫొటో ఎవరినీ తీయనియ్యకు, ఎంత దగ్గరివాళ్లయినా సరే," అని చెప్పండి. ఆ మాట వాళ్ల నోటితో మళ్లీ మీకు చెప్పించుకోండి.