దాసు బావ కొన్న వైడ్ లెన్స్

నిన్న పొద్దున గుడివాడలో పెళ్ళి షూట్‌లో ఉన్నాను. పెళ్ళికూతురికి నలుగు పెడుతున్నారు. దాసు బావ తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, దాసన్నయ్య ఇక లేడు."

ఏ దాసన్నయ్య అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. బుర్ర పనిచెయ్యలేదు.

బాత్రూమ్‌లో పడిపోయాడట. హార్ట్ ఎటాక్. అవనిగడ్డ హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయిందట.

చల్లపల్లిలో ఫోటో స్టూడియో నడిపే దాసుగా మీలో చాలామందికి తెలుసు. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా బావా అంటే బావా అనుకున్నాం. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది తనే.

కొన్నాళ్ళుగా తనకి ఒకటే ధ్యాస. ఇరుకు చోటైనా మొత్తం ఫోటోలో పట్టే వైడ్ లెన్స్.

కోడూరులో వాళ్ళమ్మగారు తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నారు. నేను అత్తా అంటాను ఆవిడని. ఇరుకు గది. మంచం కాస్త కదిపితే చాలు, నొప్పికి విలవిల్లాడిపోతారు. పిల్లలు, కోడళ్ళు, అల్లుళ్ళు, మనవలు అందరితో కలిసి ఒక్క ఫోటో తీయించరా అని అడిగారు.

అంతే. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

బావది క్రాప్ సెన్సర్ కెమెరా. సెన్సర్ చిన్నది, లెన్స్ ఎంత చూపించినా అంచులు కోసేస్తుంది. లెన్స్ మీద అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పు పడుతుంది. కెమెరాతో పాటే వచ్చిన కిట్ లెన్స్‌ని దాని అతి చిన్న అంకె పద్దెనిమిదిలో పెట్టి, గోడకి వీపు ఆనించి నిలబడినా ఆ గదిలో సగం మందే పడేవారు.

రెండు ఫోటోలు తీసి కలిపేద్దాం బావా, అన్నాను. చనిపోయినవాళ్ళని, ఊళ్ళో లేనివాళ్ళని ఫ్యామిలీ ఫోటోలో అతికించడం మా స్టూడియోల్లో మామూలు పనే కదా.

కోపం వచ్చేసింది తనకి. "మా ఇంట్లో ఎవర్నీ అతికించక్కర్లేదు బావా. అందరం ఉన్నాం" అన్నాడు.

ఎవరో యూట్యూబ్‌లో పదహారు-ముప్ఫై ఐదు లెన్స్‌తో హాలంతా చూపించేసరికి, మచిలీపట్నం వెళ్ళి సెకండ్ హ్యాండ్‌లో అదే కొనుక్కొచ్చాడు. ఆ వీడియో తీసింది పెద్ద సెన్సర్ కెమెరాతో అన్న సంగతి చూసుకోలేదు మహానుభావుడు. కోడూరు గదిలో పెట్టి చూస్తే, పద్దెనిమిదికీ దానికీ తేడా పెద్దల్లుడి భుజం ఒక్కటే.

ఆ భుజాన్ని జూమ్ చేసి నాకు వాట్సాప్‌లో పెట్టాడు. "ఇదిగో బావా, నా వైడ్ యాంగిల్" అని. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం.

ఆఖరికి ఇద్దరం కూర్చుని, క్రాప్ సెన్సర్ కోసమే చేసిన పది-పద్దెనిమిది తీసుకున్నాం. మా ఇంట్లోనే టెస్ట్ చేశాడు. చివర్లో నిలబడ్డ మా పిన్ని మొహం అడ్డంగా సాగిపోయింది. "ఏంటి బాబూ, నన్నిలా గుమ్మడికాయని చేశావు" అని ఆవిడ ఒకటే గోల.

"అయితే అమ్మని మధ్యలో ఉంచి, చివర్లకి మా తమ్ముళ్ళని తోసేస్తా. వాళ్ళు ఎలాగూ ఉబ్బే ఉన్నారు" అన్నాడు.

ఈ ఆదివారం చర్చి అయ్యాక అందరూ రావాలని చెప్పుకున్నారు. టైమర్ పెట్టి తను కూడా వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంటానన్నాడు.

అందరూ వచ్చారు. ఆదివారం దాకా ఆగలేదు, ఈ రోజే వచ్చారు.

సమాధికి తీసుకెళ్ళే ముందు పెట్టె చుట్టూ నిలబడి ఫోటో దిగడం వాళ్ళలో అలవాటు. పెట్టె కోడూరు ఇంటి ముందు షామియానా కింద ఉంది. లోపలి నుంచి అత్త పిలిచారు.

"నన్ను వాడి దగ్గరికి తీసుకెళ్ళండ్రా."

వద్దమ్మా, నొప్పెడుతుంది అన్నారు అందరూ. ఆవిడ వినలేదు. తమ్ముళ్ళు మంచంతో సహా మోసుకొచ్చారు. గడప దాటేటప్పుడు మంచం గట్టిగా అదిరింది. ఆవిడ అమ్మా అని కూడా అనలేదు.

బావ భార్య ఆయన కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది. "అన్నయ్యా, మీరే తియ్యండి" అంది.

దానికి కిట్ లెన్సే ఉంది. కొత్త లెన్స్ బ్యాగ్‌లోనే ఉంది, మార్చే పనే పడలేదు. ఆరుబయట చోటుకేం తక్కువ. నాలుగడుగులు వెనక్కి వేశాను, అందరూ పడ్డారు. ఇటూ అటూ ఇంకా ఖాళీ మిగిలింది.

ఆ ఖాళీ చూసి నాకు ఏడుపు ఆగలేదు. మంచం బయటికి మోసుకొస్తే సరిపోయేది. ఏదో ఒక రోజు, కాస్త నొప్పి ఓర్చుకుంటే సరిపోయేది. మా ఎవరికీ తట్టలేదే, దేవుడా!

"అందరూ వచ్చారా అల్లుడూ?" అని అడిగారు అత్త.

"వచ్చారత్తా."

"మా వాడి మొహం కనబడుతోందా?"

కనబడుతోందని చెప్పాను.

ఉంటాను బావా. ఇక నీకు ఏ హైరానా లేదు, నిమ్మళంగా పడుకో. ప్రభువు నిన్ను తన దగ్గర చల్లగా చూసుకోవాలి. ఆ తల్లికి ఈ రాత్రి కాస్త నిద్ర పట్టాలి.