రాజమల్లన్న మూసుకున్న కళ్లు

మరిపెడ దాటగానే బస్సు కిటికీలోంచి ఎండుమిర్చి ఘాటు వచ్చి గొంతు పట్టేసింది. దగ్గుతూ తల తిప్పితే, మిరపచేనులో రెండు కర్రల మధ్య రాజమల్లన్న! గాలికి ఫ్లెక్సీ టపటపా కొట్టుకుంటోంది. సినిమా పోస్టరులోని ముఖాన్ని పెద్దగా అచ్చు వేయించి, పంటకు దిష్టి తగలకుండా కట్టారు. ఆ గుడ్లురిమే చూపు మీకూ గుర్తుండే ఉంటుంది, పేరే గుర్తుండదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడిగా, పాడుబడ్డ ఇంటి కాపలాదారుగా, కాటికాపరిగా ఆయన చాలా సినిమాల్లో కనిపించాడు. చూపులే తప్ప మాటలు తక్కువ. ఆ కాసిని మాటలూ వేరేవాళ్ల గొంతుతో వినిపించేవి. ఆయన యాస పనికిరాదన్నారట.

భూపాలపల్లిలో మా నాన్న బొగ్గుబాయి కార్మికుడు. మా క్వార్టరుకు ఎదురుగా రేకుల ఇంట్లో రాజమల్లన్న అద్దెకుండేవాడు. చుట్టమేమీ కాదు, నాకు ఊహ తెలిసేసరికే అన్న అయిపోయాడు. నాటకాలాడుతూ సినిమాల్లోకి పోయిన మనిషి, షూటింగులు లేనప్పుడు వచ్చి ఉండేవాడు. పెళ్లి కాలేదు. "నెల్లికుదురుకు పిల్లను సూడబోయిన. ఆమె ముందుగాల్నే నా సినిమా సూసిందట. దర్వాజ దాటి బయటికే రాలే" అని నవ్వుతూ చెప్పేవాడు. వినేవాళ్లు పడీ పడీ నవ్వి ఎవరిళ్లకు వాళ్లు పోయేవారు. ఆయన లోపలికి పోయి ఒక్కడికే అన్నం వండుకునేవాడు. ఆ నవ్వులంటే నాకిప్పటికీ ఒళ్లు మంట.

సాయంత్రాలు అరుగు మీద వీధికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. తిక్క మనిషి కాబోలు అనుకుని, ఒకరోజు అడిగేశాను.

"గోడ దిక్కేం సూస్తున్నవే అన్నా?"

"ఇటు తిరిగితే పోరగాళ్లు ఆట ఇడిసిపెట్టి ఉరుకుతరు చెల్లె."

"నేను ఉరుకలే గద!"

"నువ్వు మొండిదానివి" అని నవ్వాడు. "భయపడెటోళ్ల దిక్కు మనం సూడొద్దు. వాళ్లనే మనల సూడనియ్యాలె. భయం తీరినంక వాళ్లే దగ్గరికొస్తరు."

ఆయన దగ్గరికి మాత్రం పిల్లలెవరూ రాలేదు.

నాకు తోడబుట్టినవాళ్లు లేరు. జనగామలో మా అత్తగారింట్లో మా బాబుకు పుట్టెంట్రుకలు తీయాలనుకున్నప్పుడు, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి కదా, రాజమల్లన్నను పిలుస్తానన్నాను. మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ కండ్లు సూస్తే పెద్దోళ్లకే జరమొస్తది. పసిపోరన్ని ఆయన ఒళ్లె పెడ్తవా?" నేను ససేమిరా వినలేదు. ఫోన్ చేస్తే ఆయన నమ్మలేదు. "నన్నే పిలుస్తున్నవా చెల్లె?" అని రెండుసార్లు అడిగాడు.

తెల్లని కొత్త బట్టలతో, వెండి మొలతాడు పట్టుకుని వచ్చాడు. పీట మీద కూర్చుని, బాబును ఒళ్లో పెట్టకముందే కళ్లు మూసుకున్నాడు. తొలి కత్తెర వేసేటప్పుడు కూడా తెరవలేదు, నేనే చెయ్యి పట్టి వేయించాను. చుట్టాలంతా దండం పెట్టుకుంటున్నాడనుకున్నారు. బాబు ఏడవలేదు సరికదా, ఆ రెప్పల మీద వేళ్లు పెట్టి ఆడుకోసాగాడు.

"కండ్లు తెరువే అన్నా. నిన్నే సూస్తున్నడు" అన్నాను.

"వద్దు చెల్లె. గిట్ల నా ఒళ్లె ఏ పోరడు కూసోలే. జర కూసోనియ్" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మా అత్తమ్మ అడగకుండానే ఆయన విస్తరిలో మళ్లీ కూర వడ్డించింది.

చేలల్లో తన ఫ్లెక్సీలు కడుతున్నారని ఆయనకూ తెలుసు. "ఇండ్లళ్లకు పిలువకున్నా చేన్లకు పిలుస్తున్నరు, పోనీ" అనేవాడు. పోయిన వానాకాలంలో, ఆ రేకుల ఇంట్లోనే, పక్కన ఎవరూ లేకుండా చనిపోయాడు. పేపర్లో ఆ గుడ్లురిమే బొమ్మే వేశారు. చూసి ఏడుపు ఆగలేదు నాకు.

నేనిప్పుడు పంతులమ్మను. బడిలో కొత్తగా చేరి బెదురుతూ నిలబడ్డ పిల్లలు కనిపిస్తే, ముందు నా చూపు దించుకుంటాను. వాళ్లే మెల్లగా నా కొంగు దాకా వస్తారు.

మా ఇంటి గోడ మీద పుట్టెంట్రుకల నాటి ఫొటో ఉంది. మొన్న మా బాబు దాని కింద నిలబడి అడిగాడు. "అమ్మా, కండ్లు మూసుకుంటే మామకు నేనెట్లున్ననో ఎట్ల తెల్సు?"

"తెల్సు బిడ్డా" అన్నాను. "నువ్వు పండుకున్నంక పక్కకు కూసోని, బస్సుకు యాళ్లయ్యేదాక నిన్నే సూసిండు."